విప్లవం ఇంటికొచ్చిన తర్వాత

మా కొండాపూరు నుంచి మాదాపూరు వైపు వెళ్ళే దారిలో టీ కొట్ల దగ్గర రోజూ ఒక్కడైనా చే గువేరా కనిపిస్తాడు. నల్ల చొక్కా మీద ఎర్రటి బొమ్మ. టోపీ, టోపీ మీద నక్షత్రం, ఎటో దూరంగా చూస్తున్న కళ్ళు. ఆ బొమ్మ మీద కంపెనీ వాళ్ళిచ్చిన గుర్తింపు కార్డు వేలాడుతూ ఉంటుంది. అబ్బాయి నడుస్తుంటే ఆ కార్డు అటూ ఇటూ ఊగి ఒక్కోసారి చే గారి ముక్కుకి తగులుతుంది కూడాను. పాపం, ఆయన ఏమీ అనడు.

ఆ బొమ్మకి మూలమైన ఫోటోని 1960 మార్చి 5న హవానాలో ఆల్బెర్టో కోర్డా అనే ఫోటోగ్రాఫరు తీశాడు. ఓడలో పేలుడు జరిగి చనిపోయినవాళ్ళ సంతాప సభలో తీసింది. అంతకు ముందటి ఏడే, 1959లో, చే మన దేశం వచ్చి నెహ్రూగారిని కలిసి వెళ్ళాడు. 2023 జనవరిలో ఆయన కూతురు అలైదా, పిల్లల డాక్టరు, మన హైదరాబాదుకే వచ్చి వెళ్ళింది. ఇంత రాకపోకలున్నా క్యూబా గురించి మనలాంటి ఇల్లాళ్ళకి తెలిసింది తక్కువే. అక్కడ చెరుకు పండుతుందనీ, చుట్టలకి ప్రసిద్ధి అనీ బళ్ళో చదువుకున్నాం. 1983లో ఢిల్లీలో అలీన దేశాల సభ జరిగినప్పుడు గడ్డం కాస్ట్రో అందరి ముందూ ఇందిరాగాంధీని గట్టిగా కౌగిలించుకుంటే, మర్నాడు పత్రికలో ఆ ఫోటో చూసి మా వీధి ఆడవాళ్ళమంతా బుగ్గలు నొక్కుకున్నాం. మన క్యూబా అంతవరకే.

అలాంటిది మొన్న వేసవిలో వరసగా ఐదు ఆదివారాలు మా ఇంట్లో క్యూబా సినిమాలు ఆడాయంటే కారణం మా కోడలు. వాళ్ళ ఆఫీసులో సినిమాల పిచ్చి ఉన్న కుర్రాడెవరో ఒక పట్టీ రాసిచ్చాడట. అన్నీ క్యూబా జనం గురించీ, వాళ్ళ విప్లవం గురించీ తీసినవి. "అత్తయ్యా, మీరూ చూడండి, కింద ఇంగ్లీషులో మాటలు పడతాయి" అంది. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పినదాన్ని, ఆ భయం నాకు లేదు. మావారితోనే వచ్చింది చిక్కు. కింద అక్షరాలు చదివితే పైన బొమ్మ పోతుంది, పైన బొమ్మ చూస్తే కింద అక్షరాలు పోతాయి. "కథ నువ్వు చెబుతూ ఉండు" అని కుర్చీ నా పక్కకి జరుపుకున్నారు.

పక్క ఫ్లాటావిడని కూడా పిలిచాను. "విప్లవం సినిమాలా? ఆ తుపాకులూ నెత్తురూ మనకెందుకండీ!" అందావిడ. ఆవిడ సందేహం సబబైనదే. మన దగ్గర ఎర్రజెండా సినిమాలు తక్కువ రాలేదు. కానీ వాటిలో చాలావాటిలో ఆడదానికి మూడే పనులు. దొర చేతిలో చెడిపోవాలి, అన్న శవం మీద పడి ఏడవాలి, లేకపోతే వీరుడికి బొట్టు పెట్టి సాగనంపాలి. ఆ తర్వాత ఆవిడ ఏమయిందన్నది ఎవరికీ అక్కర్లేదు. ఈ "ఆ తర్వాత" అన్న మాట గుర్తుంచుకోండి, దాని కోసమే ఇదంతా రాస్తున్నాను.

మొదటి ఆదివారం చూసింది పది నిమిషాల చిన్న చిత్రం. పేరుకి 'మొట్టమొదటిసారి' అని అర్థం. 1967లో ఆక్టావియో కోర్టాజార్ అనే ఆయన తీశాడు. విప్లవం గెలిచింది 1959 జనవరి 1న. మూడో నెల తిరక్కుండానే, మార్చిలో, కొత్త ప్రభుత్వం సినిమాల కోసం ఒక సంస్థ పెట్టింది. సినిమా హాలు ఎరగని పల్లెలకి లారీల మీద తెరా, మిషనూ పంపడం మొదలుపెట్టారు. ఈ చిత్రంలో అలాంటి లారీ ఒకటి తూర్పు కొండల్లోని ఒక మారుమూల ఊరికి వెళుతుంది. సినిమా అంటే ఏమిటని ముందు ఊరివాళ్ళని అడుగుతారు. ఒక్కొక్కళ్ళూ ఒక్కోటి ఊహించి చెబుతారు. చీకటి పడ్డాక చాప్లిన్ 'మోడరన్ టైమ్స్' వేస్తారు. యంత్రం చాప్లిన్ నోట్లో అన్నం కుక్కుతుంటే ముసలమ్మలూ, చంకలో పిల్లలున్న తల్లులూ పడీ పడీ నవ్వుతారు. కెమెరా చాప్లిన్‌ని వదిలేసి వాళ్ళ మొహాలే చూపిస్తుంది.

నాకు మా ఊరి టూరింగ్ టాకీసు గుర్తొచ్చింది. నేల టిక్కెట్టు, ఇసకలో చిన్న దిబ్బ చేసుకుని కూచోవడం, రీలు మార్చినప్పుడల్లా ఈలలు. మావారు కూడా అంతసేపూ నవ్వుతూనే ఉన్నారు. ఆ చిత్రానికి నా అనువాదం అవసరం పడలేదు.

రెండో వారం 'లూసియా'. 1968లో వచ్చింది. తీసిన ఉంబెర్టో సోలాస్‌కి అప్పటికి పాతికేళ్ళు దాటాయి, అంతే. రెండు గంటల నలభై నిమిషాల నలుపు తెలుపు చిత్రం. పాడైపోతున్న ప్రతిని బాగుచేసి 2017లో మళ్ళీ లోకానికి చూపించారు. మూడు కాలాలు, మూడు కథలు, మూడు కథల్లోనూ నాయిక పేరు లూసియాయే. మన వైపు ప్రతి ఇంట్లో ఒక లక్ష్మి ఉన్నట్టు అనుకోండి.

మొదటి లూసియా 1895 నాటిది. స్పెయిన్ మీద క్యూబా స్వతంత్రం కోసం పోరాడుతున్న రోజులు. గొప్పింటి పిల్ల, పెళ్ళీడు దాటిపోయింది. రఫేల్ అని ఒక అందగాడు వలపు నటించి, ఆమె తమ్ముడూ వాళ్ళూ దాక్కున్న తోట దారి ఆమె చేతే చూపించుకుంటాడు. తమ్ముడు చచ్చిపోతాడు. ఆమె నడిబజారులో వాణ్ణి పొడుస్తుంది. రెండో లూసియా 1932 నాటి మధ్యతరగతి అమ్మాయి, అంటే మనమే. నియంత మచాడో మీద తిరగబడ్డ కుర్రాణ్ణి ప్రేమించి, ఇల్లొదిలి, చుట్టల ఫ్యాక్టరీలో పనికి కుదురుతుంది. మచాడో దిగిపోతాడు గానీ పాలన మారదు. భర్త మళ్ళీ పోరాటంలోకి దిగి ప్రాణం పోగొట్టుకుంటాడు. ఆమె నిండు గర్భిణిగా మిగిలిపోతుంది.

నన్ను పట్టి కూచోబెట్టింది మూడో లూసియా. కాలం పంతొమ్మిది వందల అరవైలు. విప్లవం గెలిచింది. పల్లెటూరి పడుచు, పొలం పనికి లారీలో తోటి ఆడవాళ్ళతో నవ్వుకుంటూ వెళ్ళే మనిషి. ఆ వేషం వేసిన అదేలా లెగ్రా కూడా సినిమాల కోసం పెరిగిన మనిషి కాదు, ఆ ప్రాంతపు పిల్లే. కొత్తగా పెళ్ళయింది. మొగుడు తొమాస్‌కి పెళ్ళామంటే ప్రాణం. ఎంత ప్రాణమంటే, ఆమెని ఎవరూ చూడకూడదని కిటికీలకి మేకులు కొట్టేస్తాడు. పనికి వెళ్ళొద్దంటాడు. "విప్లవం అంటే ఇదేనా?" అని ఇరుగుపొరుగు అడిగితే, నా పెళ్ళాం నా ఇష్టం అన్న ధోరణి. అతను దుర్మార్గుడేం కాదు సుమండీ. విప్లవం అంటే నమ్మకం ఉన్నవాడే. పొలంలో విప్లవం కావాలి, గడప లోపల మటుకు అక్కర్లేదు. ఇలాంటి మనిషిని చూడ్డానికి మనం హవానా దాకా పోనక్కర్లేదు.

అప్పుడు హవానా నుంచి ఒక కుర్రాడు దిగుతాడు, లూసియాకి చదువు చెప్పడానికి. ఇది కల్పన కాదు. 1961లో క్యూబా ప్రభుత్వం ఒక్క ఏడాదిలో నిరక్షరాస్యత పోగొట్టాలని పట్టుబట్టింది. లక్షమంది దాకా కుర్రకారు, అందులో సగానికి పైగా ఆడపిల్లలు, ఒక లాంతరూ, ఒక ఉయ్యాల మంచం, పుస్తకాలూ తీసుకుని పల్లెలకి వెళ్ళారు. పగలు రైతులతో పాటు పని చేయడం, రాత్రి లాంతరు ముందు అక్షరాలు దిద్దించడం. ఏడు లక్షల మందికి పైగా చదవడం రాయడం నేర్చుకున్నారు. పదిహేనూ పదహారేళ్ళ కూతుళ్ళని తెలియని ఇళ్ళకి పంపిన ఆ తల్లుల గుండె ధైర్యం నాకు తలుచుకుంటేనే ఆశ్చర్యం. అలా వెళ్ళిన ఆడపిల్లలు పెద్దవాళ్ళయ్యాక చెప్పిన కబుర్లతో 2011లో కాథరిన్ మర్ఫీ అనే అమెరికా ఆవిడ 'మాయెస్త్రా' అని అరగంట చిత్రం తీసింది. మాయెస్త్రా అంటే పంతులమ్మ. మూడో వారం అది చూశాం. ఇంట్లో తగాదా పెట్టుకుని మరీ వెళ్ళామని ఆ ముసలమ్మలు మురిసిపోతూ చెబుతారు.

ఇంతకీ లూసియా అక్షరాలు నేర్చి మొట్టమొదట సొంతంగా రాసింది ఏమిటో తెలుసాండీ? మొగుడికి ఒక చీటీ. తాను వెళ్ళిపోతున్నాననీ, తాను బానిసని కాననీ. ఆ రాతలో తప్పులున్నాయి. ఎర్రసిరాతో ముప్ఫై ఏళ్ళు తప్పులు దిద్దిన నాకు ఆ చీటీలో ఒక్క అక్షరం కూడా దిద్దాలనిపించలేదు.

అక్కడే నాకు మా మేనత్త గుర్తుకొచ్చింది. క్యూబాకీ మా మేనత్తకీ సంబంధం ఏమిటంటారా? చెబుతాను.

మాది నల్లగొండ జిల్లా. మనకీ ఒక విప్లవం జరిగింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మీద దొర మనుషులు తుపాకి పేల్చిన నాటి నుంచి 1951 అక్టోబరులో పోరాటం విరమించే దాకా తెలంగాణ పల్లెలు నిద్రపోలేదు. మూడు వేల గ్రామాలు దొరల చేతుల్లోంచి పోయాయనీ, పది లక్షల ఎకరాలు పంచారనీ, నాలుగు వేల మంది చనిపోయారనీ పుచ్చలపల్లి సుందరయ్యగారు తన పుస్తకంలో రాశారు. నాలుగెకరాల కౌలు పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ని ఎదిరించి నిలబడ్డ చాకలి ఐలమ్మది మా పక్క తాలూకాయే. ఇప్పుడు మేం పధ్నాలుగో అంతస్తులో ఉంటున్న ఈ నేల కథ కూడా ఆనాటి రాజ్యానిదే. హైదరాబాదు చుట్టుపట్ల నిజాం సొంత ఖర్చుకి రాబడి ఇచ్చే సర్ఫెఖాస్ భూములుండేవి. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరిచిన నాటికి కూడా మాదాపూరు అంటే బండలే. నేడు గజం ధర వింటే గుండె ఆగిపోతుంది.

మన పోరాటం మీద వచ్చిన సినిమాల్లో తలమానికం 'మా భూమి'. 1980లో విడుదలయింది. బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించారు. బెంగాలీ ఆయన గౌతమ్ ఘోష్ దర్శకుడు, ఆయనకి అదే మొదటి కథా చిత్రం. ఉర్దూలో కిషన్ చందర్ రాసిన 'జబ్ ఖేత్ జాగే' నవల దానికి ఆధారం. రామయ్య వేషం వేసిన సాయిచంద్ మన త్రిపురనేని గోపీచంద్ గారబ్బాయి. గద్దర్ గొంగడి భుజాన వేసుకుని పాడిన బండి యాదగిరి పాట, పసులు కాసే పిల్లవాడి మీద సుద్దాల హనుమంతు రాసిన పాట, ఆ రోజుల్లో వినని వాళ్ళు లేరు. అంతకు ముందే 1975లో మన హైదరాబాదులో పుట్టిన శ్యాం బెనెగళ్ హిందీలో 'నిశాంత్' తీశాడు, అది పోచంపల్లిలో తీసింది. ఆ తర్వాత 1988లో నర్సింగరావే 'దాసి' తీశారు. పెళ్ళికూతురితో పాటు అరణంగా దొర ఇంటికి వచ్చిన ఆడబాప కథ. ఒక్క చిత్రానికి ఐదు జాతీయ బహుమతులొచ్చాయి, కమలాక్షి వేసిన అర్చనకి ఉత్తమ నటి బహుమతితో సహా.

'మా భూమి' వచ్చేనాటికి నాకు పెళ్ళయి ఏడాది. మా మేనత్త కంటి పరీక్షకని ఊర్నుంచి వచ్చి మా ఇంట్లో ఉంది. ఒక పొద్దుటి ఆటకి ఆమెని తీసుకెళ్ళాను. ఆమె పదిహేడేళ్ళ వయసులో సంగంలో పనిచేసిందని మా ఇంట్లో అందరికీ తెలుసు. రవికెలో చీటీలు దాచుకుని ఊరూరూ చేరవేసేదట. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. రెండేళ్ళు ఇంటి మొహం చూడలేదు. పోరాటం ఆపేశాక అందరితో పాటు ఇంటికి వచ్చింది. వచ్చిన మూడు నెలలకి, ఎవరి కంటా పడకుండా, ఇద్దరు పిల్లలున్న రెండో సంబంధం వాడికిచ్చి చేశారు. ఆ సంగతి ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కారు. నేనెరిగిన మేనత్త చింతకాయ తొక్కు బాగా పెడుతుంది, పేపరు మొదటి అక్షరం నుంచి ప్రెస్సు పేరు దాకా చదువుతుంది, రాత్రిళ్ళు కుక్క మొరిగితే చటుక్కున లేచి కూచుంటుంది. అంతే.

సినిమా అంతసేపూ ఆమె కదల్లేదు. కళ్ళు కూడా తుడుచుకోలేదు. బయటికొచ్చి రిక్షా ఎక్కాక అడిగాను, ఎట్లుందని.

"తుపాకులు మంచిగనే చూపెట్టిండ్రు. గడీలు గట్లనే ఉండె. మరి ఆడోళ్ళు ఇండ్లకు మర్లొచ్చినంక ఏమాయెనో అది చూపెట్టలేదేందే?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆమె కూడా ఎదురుచూడలేదు. దారిలో మంచి చింతపండు ఎక్కడ దొరుకుతుందని అడిగింది.

ఆమె అడిగిన దానికి జవాబు ఆరేళ్ళ తర్వాత వచ్చింది, సినిమాగా కాదు, పుస్తకంగా. 1986లో హైదరాబాదులోని స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు 'మనకు తెలియని మన చరిత్ర' వేశారు. పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, కూచుని, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకున్న పుస్తకం. అడవిలో కన్న బిడ్డని ఎవరి చేతుల్లోనో పెట్టి రావలసి వచ్చిన తల్లి అందులో మాట్లాడుతుంది. తుపాకి పట్టిన చేతులకి మళ్ళీ గరిటె ఇచ్చి, ఇక ఇళ్ళకి వెళ్ళండమ్మా అంటే, ఆ ఇళ్ళల్లో తమకి చోటెక్కడుందని అడిగినవాళ్ళు మాట్లాడతారు. ఆ పుస్తకం కొని ఊరికి పంపించాను. మేనత్త దాన్ని గోధుమ రంగు కాగితం అట్టవేసి బియ్యం డబ్బా మీద పెట్టుకుంది. 1994లో ఆమె పోయినప్పుడు చూస్తే పేజీల అంచులన్నీ పసుపు వేళ్ళ గుర్తులే.

అందరి కథా ఒకలాగే ముగియలేదు లెండి. దళం నడిపి, తలకి పదివేల వెల పలికించుకున్న మల్లు స్వరాజ్యం 1978లోనూ 1983లోనూ శాసనసభకి గెలిచింది. 2022లో పోయేదాకా ఆమె గొంతు తగ్గలేదు. కొండపల్లి కోటేశ్వరమ్మది ఇంకో దారి. బాల్యంలోనే వితంతువైన పిల్ల, మళ్ళీ పెళ్ళి చేసుకుని ఉద్యమంలోకి వచ్చి, ఒంటిమీది నగలు పార్టీకి ఇచ్చి, ఏళ్ళ తరబడి అజ్ఞాతంలో గడిపింది. బయటికొచ్చాక భర్త వదిలేశాడు. అప్పుడావిడ ఏం చేసింది? హైదరాబాదు ఆంధ్ర మహిళాసభలో చేరి, తన పిల్లల వయసు వాళ్ళ పక్కన కూచుని చదువుకుని, కాకినాడలో ఆడపిల్లల హాస్టలుకి మేట్రనయింది. తొంభై దాటాక, 2012లో, 'నిర్జన వారధి' రాసింది. నూరేళ్ళు నిండాక 2018లో పోయింది. మూడో లూసియా చీటీ రాసినట్టే, ఈవిడ పుస్తకం రాసింది. సినిమాకి కావలసినవన్నీ ఆ జీవితంలో ఉన్నాయి, దాడులూ, రహస్య స్థావరాలూ, పాటలూ. కానీ నాకు చూడాలని ఉన్నది మటుకు ఆ చదువుకునే రోజులే. ముప్ఫై దాటిన మనిషి బల్ల ముందు కూచుని లెక్కలు చేస్తున్న దృశ్యం.

నాలుగో వారం గుతియెరెస్ అలేయా 1968లో తీసిన 'వెనకబాటుతనపు జ్ఞాపకాలు' పెట్టారు. పెళ్ళామూ తల్లిదండ్రులూ దేశం వదిలి మయామీ వెళ్ళిపోతే ఒక్కడే మిగిలిన అద్దె ఇళ్ళ యజమాని, పై అంతస్తు వసారాలో నిలబడి దుర్భిణిలో ఊరిని చూస్తుంటాడు. గొప్ప చిత్రమంటారు. నిజమే. మావారు మటుకు అద్దెల ప్రస్తావన అయిపోగానే నిద్రపోయారు.

ఐదో వారం చూసింది 'తెరెసా చిత్తరువు'. 1979లో పాస్టర్ వేగా తీసింది. దీన్ని మీరందరూ చూడాలి. ఇందులో తుపాకీ లేదు, గుర్రం లేదు. తెరెసా బట్టల మిల్లులో పనిచేస్తుంది. ముగ్గురు మగపిల్లలు. మొగుడు రమోన్ టీవీలు బాగుచేస్తాడు. తెల్లవారకుండానే లేచి వంట, పిల్లల్ని లేపడం, బట్టలు, మిల్లు. మిల్లులో కార్మికుల నృత్య బృందం బాధ్యత కూడా ఆమెదే. మళ్ళీ ఇంటికొచ్చి వంట. ఆ తెల్లవారుజాము పని కెమెరా తొందరపడకుండా చూపిస్తుంటే, నేనూ కోడలూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ పాత్ర వేసిన డైసీ గ్రనాడోస్‌కి ఆ ఏడు మాస్కోలో ఉత్తమ నటి బహుమతి ఇచ్చారు. నటించిందని ఇచ్చారో, అన్ని గిన్నెలు తోమిందని ఇచ్చారో!

అసలు విశేషం ఏమిటంటే, 1975లోనే క్యూబాలో కుటుంబ చట్టం వచ్చింది. ఇంటి పనీ, పిల్లల పెంపకమూ ఆలుమగలిద్దరూ పంచుకోవాలని అందులో రాశారు. ఆ షరతులు పెళ్ళిలో వధూవరులకి చదివి వినిపించేవారు. మన సప్తపది లాగా అన్నమాట, కాకపోతే అర్థమయ్యే భాషలో. చట్టం వచ్చిన నాలుగేళ్ళకి సినిమావాళ్ళు ఒక ఇంటి తలుపు తీసి, చూడండి, ఏం మారిందో అని చూపించారు. చివర్లో రమోన్ తన తప్పులకి సర్దిచెప్పబోతే, అదే పని నేను చేసి ఉంటే అని అడుగుతుంది తెరెసా. అది వేరు అంటాడు. ఆమె లేచి నడిచి వెళ్ళిపోతుంది.

"చట్టంలో రాస్తే మాత్రం మగవాళ్ళు అంట్లు తోముతారా?" అన్నారు మావారు.

"మన దగ్గర రాయనైనా లేదుగా" అన్నాను.

"ఆ దేశంలో ఇప్పుడు కరెంటు లేదట. 2024 అక్టోబరులో దేశమంతా చీకటైపోయింది. జనం వలసపోతున్నారు."

అది కూడా నిజమే. ఏ దేశాన్నీ నెత్తిన పెట్టుకోవాలని నేను చెప్పడం లేదు. లాంతర్లతో చదువు చెప్పిన దేశంలో మళ్ళీ లాంతర్లు వెలిగించుకోవలసి రావడం తలుచుకుంటే బాధగానే ఉంటుంది. నేను మెచ్చుకుంటున్నది వేరు. గెలిచామని జబ్బలు చరుచుకునే సినిమాలతో ఆగకుండా, ఇంట్లో ఏం గెలవలేదో కూడా వాళ్ళు తీశారు. మా మేనత్త రిక్షాలో అడిగిన మాటనే ఆ సినిమాలు అడిగాయి.

ఈ ఐదు వారాల్లో మా ఇంట్లో ఇంకో సంగతి నడుస్తోంది. కోడలు పనిచేసే కంపెనీ వాళ్ళు ఇక ఇంటి నుంచి పని కుదరదు, వారానికి ఐదు రోజులూ ఆఫీసుకి రావాలన్నారు. మనవడికి నాలుగేళ్ళు. నా మోకాళ్ళ సంగతి అందరికీ తెలిసిందే. వియ్యపురాలు ఫోనులో "కొన్నాళ్ళు మానేయరాదుటే, అబ్బాయి సంపాదన చాలదూ?" అంది. మావాడు చాలా మంచివాడు. పెళ్ళాన్ని ఒక్క మాట అనడు. "నీ ఇష్టం" అన్నాడు.

ఈ "నీ ఇష్టం" అనే మాట మన తెలుగిళ్ళల్లో ఎంత బరువైనదో మీకు వేరే చెప్పాలా? ఉద్యోగం మానితే నీ ఇష్టమే. మానకపోతే పిల్లవాడికి జ్వరమొచ్చినా, పాలు పొంగినా, అత్తగారు కాలుజారినా నీ ఇష్టమే. ఆ రెండు మాటల్లో మగవాడి వాటా ఎంతుందో భూతద్దం పెట్టి వెతకాలి. తొమాస్ కిటికీలకి మేకులు కొట్టాడు. మా కాలంలో అంత మోటు పనులు లేవు. తలుపులన్నీ బార్లా తీసే ఉంటాయి, గడప మీద మటుకు పిల్లవాణ్ణి కూచోబెడతారు.

తెరెసా చూసిన రాత్రి కోడలు వంటింట్లో పాలు తోడుపెడుతూ అంది, "అత్తయ్యా, నేను మాననండీ. మీకు కష్టమవుతుందని తెలుసు."

"నా కష్టం నేను చెప్పుకుంటాలే. నువ్వు మాత్రం వాడికి 'నీ ఇష్టం' అని చెప్పకు. ఏ రోజు ఏ పని వాడిదో చెప్పు" అన్నాను.

అనడం తేలికే. ఆ మర్నాడు వాళ్ళిద్దరూ భోజనాల బల్ల దగ్గర కూచుని, ఆఫీసులో వేసుకునే పద్ధతిలోనే, ఒక కాగితం మీద గళ్ళు గీసుకున్నారు. రెండు చోట్ల గొంతులు లేచాయి. పిల్లవాడి స్నానం ఎవరిదన్న దగ్గర ఒక పావుగంట మౌనం. చివరికి ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించారు. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్న టిఫినూ, స్కూలు బస్సూ మావాడివి. రాత్రి అంట్లు గిన్నెల యంత్రంలో సర్దడం వాడిదే. మధ్యాహ్నం బస్సు దిగిన పిల్లవాణ్ణి తీసుకురావడం మావారికి పడింది. ఆయన్ని అడక్కుండానే రాశారు. ఆయన కాగితం రెండుసార్లు చదివి, "ఇది ఎవరి చట్టం?" అన్నారు గానీ కొట్టేయలేదు.

విప్లవం వచ్చేసిందని చెప్పను. మావాడి దోసెలు ఇంకా పెనానికే అంటుకుంటున్నాయి. రెండు బుధవారాలు పిల్లవాడు బ్రెడ్డు తిని వెళ్ళాడు. ఒకరోజు ఆఫీసు ఫోను చెవిలో పెట్టుకుని పిల్లవాడికి ఒక కాలికి నల్ల మేజోడు, ఒక కాలికి తెల్ల మేజోడు తొడిగి పంపాడు. నేను కుర్చీలో కూచుని అన్నీ చూస్తున్నాను. లేచి వెళ్ళి చట్నీ రుబ్బి ఇద్దామని కాళ్ళు లాగుతాయి. నేను లేస్తే ఆ కాగితం మీద సోమవారం చెరిగిపోతుందని కూచునే ఉంటాను.

పక్క ఫ్లాటావిడ వచ్చి ఫ్రిజ్ మీద కాగితం చూసి, ఇదేమిటండీ అని అడిగింది. క్యూబా నుంచి వచ్చిందని చెప్పాను. నమ్మినట్టు లేదు గానీ, వెళ్ళేటప్పుడు దాని ఫోటో తీసుకుంది.